ఆ చలిమిడి నాకు పెట్టు

నాకు ముక్కు మీదే కోపమని తెనాలిలో మా బజారంతా అంటారు. అంత కోపిష్టినైనా, ఒక్క నిజం చెప్పడానికి ఏడాదిపాటు నోరు పెగల్లేదు.

పెళ్లయి ఏడేళ్లయినా పిల్లల్లేరు. నా భార్యకు చేయించని పరీక్ష లేదు. నాకూ చేయించాలని ఎవరికీ తోచలేదు. నాకు అసలే తోచలేదు, సిగ్గుచేటు! చివరికి బాపట్లలో ఒక డాక్టరు నా వృషణం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు చూసి, "వీర్యకణాలను పెంచి పోషించే సపోర్టు కణాలు ఉన్నాయండి. వాటి దగ్గర పెరగాల్సిన బీజకణాలే లేవు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక ఊరుకున్నాను. పక్కనే ఉన్న నా భార్య మాత్రం మెల్లగా, "పాపం, పెంచడానికి ఎవరూ లేకుండా కూర్చున్నాయాండీ అవి?" అని అడిగింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో చెప్పకండి. మాటలు పడటం నాకు అలవాటైపోయింది" అంది. నేను సరేనన్నాను. ఆ సరే తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

ఆ మరుసటి ఏడు రేపల్లెలో మా చెల్లెలి సీమంతం. కడుపుతో ఉన్న పిల్ల ఒళ్లో పెట్టిన చలిమిడిలోంచి ముద్ద తీసి, పిల్లల్లేని ఆడవాళ్లకు తినిపించడం మా ఇళ్లల్లో అలవాటు. పేరంటాళ్లందరి ముందూ మా అమ్మ నా భార్యను పిలిచింది.

"దా అమ్మాయ్. ఇది నాలుగోసారి. ఈసారన్నా నీ కడుపు కరుణిస్తుందేమో చూద్దాం!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, నోరు తెరిచింది. నేనిక గుమ్మంలో నిలబడలేకపోయాను.

"అమ్మా, అది నాకు పెట్టు."

"నీకెందుకురా? మగాడు తినడమేంటి, చోద్యం కాకపోతే!"

"లోపం నాదే కాబట్టి. డాక్టరు ముక్క తీసి మరీ చూశాడు. నీ కోడలిలో ఏ లోపమూ లేదు."

నవ్వులు ఆగిపోయాయి. అమ్మ నన్ను చూడలేదు, కోడలినే చూసింది.

"నీకు ఎన్నాళ్ల నుంచి తెలుసే?"

"ఏడాదైందండి అత్తయ్యా."

"మరి నేనన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"చెబితే అవన్నీ ఆయన్ని అంటారని."

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కోడలి పక్కన నేలమీద చతికిలబడి, దాని భుజం మీద తల వాల్చి, "నన్ను ఒక్క మాటన్నా తిట్టవే తల్లీ" అంటూ ఏడ్చింది.