మట్టి అంటని కంకర

సినిమాలకు సెట్లు వేయడం నా పని. ప్లైవుడ్‌తో బావి కట్టి, దానికి పాచి పట్టించి, చూసినవాళ్లు చేద కోసం వెతుక్కునేలా చేసినవాణ్ణి. మా పనిలో ఒకటే మెప్పు: "నిజమే అనుకున్నాం." ఆ మాట వింటే నాకు ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు. ఇప్పుడు ఆ మాటంటేనే భయం.

ఫిలింనగర్‌లో మా అపార్ట్‌మెంట్ గుట్ట వాలు మీద ఉంది. ఒక ఏడాది వానలకు ముందు, ఇంకుడు గుంత ఉందో లేదో చూడడానికి మున్సిపల్ ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడని కబురొచ్చింది. తవ్వితే మోకాలి లోతులోనే బండ తగిలింది. దాన్ని కొట్టాలంటే వారం రోజుల మోత. మా అసోసియేషన్ సెక్రటరీ గారు నా వైపు చూసి నవ్వారు.

"మీ చేతిలో పనేగా అండీ. ఒక్కరోజు కనపడితే చాలు."

నాకు సిగ్గేయలేదు, హుషారు పుట్టింది. సెల్లార్‌లోకి చెమ్మ దిగకుండా అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచాను. పైన కడిగిన కంకర పోసి, చుట్టూ ఇటుకల వరస కట్టించాను. డాబా నీళ్లు అందులోకే వస్తున్నట్టు ఒక గొట్టం నిలబెట్టాను. దాని పై కొస దేనికీ కలవలేదు. వచ్చినాయన ఫొటో తీసుకుని, బాగుందని వెళ్లిపోయాడు. అది చూసి పక్క అపార్ట్‌మెంట్ వాళ్లూ నా చేత అలాంటిదే చేయించుకున్నారు. అప్పటికే అందరం వాకిళ్ల నిండా టైల్స్ పరుచుకున్నాం కాబట్టి, మా నీళ్లన్నీ గేటు దాటి షేక్‌పేట వైపు దిగిపోయేవి. కింద ఎవరుంటారో నాకు తెలియక కాదు, తలుచుకోలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఉండేది అక్కడే. వాలు కింద ఒక గది, కిరాయిది. పొద్దున మా ఇంట్లో పని చేసి, మధ్యాహ్నం నుంచి మోటార్ పెట్టిన కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేది. ఏటా తొలకరికి ముందే ఆ మిషన్‌ని ఇటుకల మీదికి ఎక్కించేది.

ఆ ఏడు మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం కురిసింది. మర్నాడు ఆమె రాలేదు. మూడో రోజు వచ్చింది. చేతులు నాని తెల్లబడి ఉన్నాయి. ఏమైందమ్మా అని అడిగాను.

"ఇంట్లకు నీళ్లొచ్చినయ్ సార్. మిషన్ మోటర్ పోయింది. కుట్టనీకి ఇచ్చిన జాకెట్లన్నీ బురదే." గిన్నెలు సర్దుతూ మామూలుగానే అంది. "తప్పు నాదే. మీరు గుంత తవ్విచ్చిండ్రు గదా, ఈసారి పైకెల్లి నీళ్లు రావనుకున్న. ఇటుకలు పెట్టలే."

కొత్త మోటార్ కొనిస్తే ఆమె దండం పెట్టింది. అది చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

వాన వెలిసినప్పుడల్లా వీధిలో తిరగడం అప్పుడే మొదలైంది. నీళ్లు దిగే గుంతలో కంకర మొదటి వానకే బురద పట్టి నల్లబడుతుంది. నా గుంతలో కడిగినట్టే ఉంది. పక్కవాళ్లదీ అంతే. పైకి వెళ్తే, నేను చేయనివి కూడా ఇంటింటికీ తెల్లగా మెరుస్తూ కనిపించాయి. ఇప్పటికీ సెట్‌లో దొంగవాన కురిపిస్తుంటే, నా కళ్లు నటుల మీద ఉండవు. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తుంటాయి.

చివరికి సెక్రటరీ గారితో గొడవపడి బండ కొట్టే మిషన్ తెప్పించాను. కూలీలు కంకర తోడి పట్టా ఎత్తారు. అన్ని వానలు పడ్డా కింద బండ మీది మట్టి పిండిలా పొడిగా ఉంది. చీపురు పట్టుకుని వచ్చిన ఆమె తొంగి చూసింది.

"గిదేంది సార్, తడే లేదు?"

"అది సెట్టమ్మా. ఉత్తదే. నేనే చేశాను. నీ ఇంట్లోకి వచ్చినవి మా నీళ్లే."

ఆమె కాసేపు ఆ పొడిమట్టిని చూసింది. మొహంలో కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

"మస్తు మంచిగ చేసిండ్రు సార్. నేను నిజమే అనుకున్న."

ఈసారి అసలుదే తవ్విస్తున్నానని, నీళ్లు కిందికి రావని గబగబా చెప్పాను. నా గొంతు నాకే సెక్రటరీ గారి గొంతులా వినిపించింది.

"తవ్వియ్యుండ్రి సార్," అంటూ ఆమె మెట్ల వైపు తిరిగింది. "నేనైతే మిషన్ కింద ఇటుకలు తియ్య."