రైడింగ్ జాకెట్, చీర కొంగు

నేను బండి మీంచి పడ్డప్పుడు నా ముఖం మీద ఒక్క గీత కూడా పడలేదు. ఎందుకు పడుతుంది? కళ్లు తప్ప ఏమీ కనపడకుండా చున్నీ చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టి, మోచేతులు దాటేదాకా తెల్ల కాటన్ గ్లౌజులు తొడిగి బయల్దేరాను. హైదరాబాదులో బండి నడిపే ఆడవాళ్లలో సగం మంది యూనిఫారం అదే. ఎండకు నల్లబడకూడదు, అంతే. రోడ్డుకు గీసుకుపోయే చర్మం గురించి ఎవరికీ ఫికర్ లేదు. పుప్పాలగూడ నుంచి ఆఫీసుకు పోతూ ఒక యూటర్న్ దగ్గర, సన్న చినుకులో, ముందు చక్రం జారింది. కాటన్ గ్లౌజు మోచేతి దగ్గర చిరిగి, చర్మాన్ని కూడా తీసుకుపోయింది. మోకాలి సంగతి చెప్పను. దవాఖానలో కట్టు కట్టిన నర్సమ్మ నా చున్నీ విప్పి చూసి, "ముఖం మంచిగనే ఉంది మేడమ్, అదృష్టం" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ముఖంతో నడుపుతానా బండి?

ఇంటికొచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉంది. మా ఆయనా, మా అత్తమ్మా సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు.

"ఇగ చాలు. బండి అమ్మేద్దాం" అన్నాడాయన. "నేను కార్ల దింపుత కదా."

"ఆడిదానికి గంత పెద్ద బండెందుకు బిడ్డా?" అంది అత్తమ్మ. "ఇంటిల్లిపాదిని పరేషాన్ చేస్తున్నవ్."

ఈ 'దింపుత' అనే మాట నాకు పదేళ్లుగా తెలుసు. దింపేవాళ్లకు మీటింగ్ ఉంటే నేను గేటు దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడాలి. దింపేవాళ్లకు కోపమొస్తే దారి పొడుగునా ఆ కోపం వింటూ కూర్చోవాలి. కంపెనీ బస్సు నన్ను వదిలేసి పోయిన రోజులున్నాయి, క్యాబ్ వాడు 'ఐదు నిమిషాలు' అంటూ ముప్పావుగంట నిలబెట్టిన రోజులున్నాయి. ముప్పై ఆరేళ్ల వయసులో, మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ లేఔటు రోడ్ల మీద, పడుతూ లేస్తూ గేర్ల బండి నేర్చుకున్నాను. ఆ బండి పోతే నేను మళ్లీ గేటు దగ్గరికే పోతాను. నా వల్ల కాదు. చచ్చినా కాదు.

"అమ్మేది లేదు" అన్నాను. "ఈసారి సరైన బట్టలేసుకుని నడుపుతా."

ఆయన నవ్వాడు. "నడపొచ్చినోళ్లకు గవన్నీ ఎందుకు?"

నాకు కోపం ఎక్కువైతే మాట తగ్గుతుంది. ఆయన మాత్రం ఫోనులో బండి ఫోటో నలుగురికి పంపించాడు. నా గాయాలు మానాక, నెలాఖరు ఆదివారం ఎవరో చూడ్డానికొస్తారని రెండు రోజుల తర్వాత నాకు చల్లగా చెప్పాడు.

కట్లు విప్పగానే కొండాపూర్‌లో రైడింగ్ సామాన్లు అమ్మే దుకాణానికి పోయాను. గోదావరి జిల్లాల మాటతో ఒక పెద్దమనిషి ఎదురొచ్చి, "రండి మేడమ్, సార్ సైజు చెప్పండి" అన్నాడు.

"సార్ లేడు. నాకే."

"ఓహో, వెనకాల కూర్చోడానికాండి?"

"ముందు కూర్చోడానికే."

ఆయన లోపలికి పోయి గులాబీ రంగు పువ్వులున్న జాకెట్ ఒకటి తెచ్చాడు. మోచేతి దగ్గర నొక్కి చూశాను. లోపల పల్చటి స్పాంజి, మా ఇంట్లో గిన్నెలు తోమే స్పాంజి దానికన్నా గట్టిగా ఉంటుంది. పక్కన పెట్టించాను. మగవాళ్ల చిన్న సైజు వేసుకుంటే భుజాల ప్యాడ్లు జబ్బల మీదికి జారాయి. "సరిపోయిందండి" అన్నాడాయన. అద్దంలో నిజంగానే బాగుంది. కానీ అద్దం ముందు నిలబడి ఎవరు పడతారు? ఒక స్టూలు అడిగాను. దుకాణం మధ్యలో దాన్ని వేసి, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపాను. మోచేతి మీద ఉండాల్సిన ప్యాడ్ ముంజేతి పక్కకు పోయింది. అలా పడితే ప్యాడ్ పక్కనుంచి చూస్తూ ఉంటుంది, మోచెయ్యి రోడ్డుకు తగులుతుంది. దుకాణంలో ఉన్న మగవాళ్లందరూ నన్నే చూస్తున్నారు. చూడండి నాయనా, కళ్లారా చూడండి.

అలా స్టూలు మీద ఆరు జాకెట్లు మార్చాను. ఏడోది బిగుతుగా పట్టింది. చేతులు చాపినా, వంచినా, ప్యాడ్లు వాటి చోట్లు వదల్లేదు. వీపు మీద గట్టి పలక, ఒంటికి గాలి తగిలే జాలీ బట్ట. మోకాళ్లకు ప్యాడ్లున్న ప్యాంటు, అరచేతి అడుగున, మణికట్టు దగ్గర గట్టి ముక్క ఉన్న గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు. చివర్లో ఆ పెద్దమనిషే ఒక మంచి మాట చెప్పాడు: "చున్నీ మీద హెల్మెట్ పెట్టకండి మేడమ్. మడతల వల్ల లూజవుద్ది, పడితే ముందదే ఊడుద్ది." ఇన్నేళ్లూ నేను చేసిందదే. నా తెలివికి నేనే దండం పెట్టుకుని, హెల్మెట్ కింద వేసుకునే పల్చటి తలగుడ్డ కూడా కొన్నాను.

ఇంట్లో అత్తమ్మ జాకెట్‌ను ముట్టుకోలేదు. మా ఇంట్లో ఏ కొత్త బట్టకైనా మూలన పసుపు పెట్టాకే ఒంటి మీదికి. "నల్ల బట్టకు పసుపెట్ల పెడ్తరు? శనిని పిలిచినట్టుంటది" అంది. "నల్లటిదే దొరికింది అత్తమ్మా, రోడ్డు కూడా నల్లగనే ఉంటది" అన్నాను. ఆమె మూతి తిప్పుకుని వంటింట్లోకి పోయింది. పసుపు లేకుండానే వేసుకున్నాను.

ఆఫీసు లిఫ్టులో నన్ను చూసి మా టీమ్ అబ్బాయిలు పండగ చేసుకున్నారు. "ఎటు మేడమ్, లడఖ్‌కా?"

"నానక్‌రామ్‌గూడకు."

"ఐదు కిలోమీటర్లకు ఇంతనా?"

"నేను పడ్డది మూడో కిలోమీటర్లోనే."

ఉక్కగా ఉండేది, అబద్ధమెందుకు? సిగ్నల్ దగ్గర ఆగితే చెమట వెన్నులోంచి ధారగా కారేది. ఆఫీసులో బట్టలు మార్చుకోవడానికి పది నిమిషాలు, తిరిగి వేసుకోవడానికి పది. సెక్యూరిటీ ఆయన రోజూ హెల్మెట్ తీసి ముఖం చూపించమనేవాడు. అయినా వేసుకున్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ నన్ను చిన్నప్పుడే తేల్చింది. ఆ పేరు నిలబెట్టాలి కదా.

ఆయన చెప్పిన ఆదివారం దగ్గరికొచ్చింది. దాని ముందు రోజు శనివారం. ప్రతి శనివారం అత్తమ్మను మోకాళ్ల వైద్యానికి నల్లగండ్లలోని దవాఖానకు నా బండి మీదే తీసుకుపోతాను. బండి వద్దని ఎంత గొణిగినా, శనివారం పొద్దున చీర కుచ్చిళ్లు సర్దుకుని తయారుగా ఉండేది. నేను జాకెట్, ప్యాంటు, గ్లౌజులు, బూట్లు అన్నీ బిగించాను. ఆమె పక్కకు తిరిగి కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసింది. మెయిన్ రోడ్డు మీద వెనక కూర్చున్నవాళ్లకు హెల్మెట్ లేకపోతే కెమెరా ఫోటో తీస్తుంది కాబట్టి ఎప్పటిలాగే గల్లీల్లోంచి పోయాం. గుంతలు ఎక్కువ, కెమెరాలు లేవు. మా వీధిలో అందరూ అలాగే పోతారు.

ఆదివారం పదింటికి బండి చూడ్డానికొచ్చినాయనకు నలభై ఏళ్లుంటాయి. నిక్కరు, చెప్పులు, హెల్మెట్ మాత్రం మోచేతికి తగిలించుకున్నాడు. మోచేతికి హెల్మెట్ పెట్టుకునే ఊరు మాది, నా మోచేతికి ప్యాడ్ అంటే మాత్రం నవ్వు. మా ఆయన, అత్తమ్మ, నేను, ఆయనతో కలిపి నలుగురం సెల్లార్‌లో బండి చుట్టూ నిలబడ్డాం.

"అక్కా, తాళం ఇయ్యి. ఒక రౌండ్ కొట్టొస్త."

"చెప్పుల మీద ఇయ్యను. బూట్లేసుకుని, హెల్మెట్ తలకు పెట్టుకుని రండి."

"జర ఫికర్ చెయ్యకు అక్కా, ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న."

"నేను కూడా గట్లనే అనుకుని పడ్డ. ఇయ్య."

మా ఆయన ముఖం ఎర్రబడింది. "ఇచ్చెయ్. పరువు తియ్యకు."

తాళం పిడికిట్లో బిగించాను. అత్తమ్మ కొడుకు వైపే మాట్లాడుతుందని తెలుసు. అయినా సరే, ఇద్దరితోనూ తేల్చుకుందామనే నిలబడ్డాను. "నా సంగతి నేను చూసుకుంటున్న. తలకాయ నుంచి కాళ్ల దాకా అన్నీ కొనుక్కున్న. ఇంక ఎవరికేం కష్టం?" అన్నాను.

అప్పుడు అత్తమ్మ నోరు తెరిచింది.

"అవును బిడ్డా. నీ వీపుకున్నది, మోకాళ్లకున్నది, చేతులకున్నది. నిన్న నీ ఎనక కూసున్న. నాకేమున్నది? గీ చీర కొంగు."

ఆరు జాకెట్లు వేసి విప్పి, ప్యాడ్ ఒక్క అంగుళం జరిగితే ఒప్పుకోని నేను, అరవై రెండేళ్ల మనిషిని వట్టి తలతో వెనక కూర్చోబెట్టుకుని, ఫోటో పడకుండా గల్లీలు వెతికాను. కెమెరాకు భయపడ్డాను గానీ గుంతకు భయపడలేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"అందుకే అమ్మేద్దామంటున్న అమ్మా" అన్నాడు మా ఆయన, గెలిచినట్టు.

అత్తమ్మ గిర్రున తిరిగింది. "అమ్మితే నన్నెవరు తీస్కపోతరు? నువ్వా? 'వచ్చే వారం అమ్మా, వచ్చే వారం' అని ఎన్ని వారాలాయె? ఈ పిల్ల బండి కొన్నంక, కట్లున్న దినాలు తప్ప, నేను ఒక్క శనివారం తప్పిన్నా? బండి అమ్ముడు లేదు." ఆ తర్వాత బండి చూడ్డానికొచ్చినాయనతో, "నువ్వు పో బాబూ. నెత్తికి పెట్టుకునేది మోచేతికి పెట్టుకుంటె నీ నెత్తి ఏం గావాలె?" అంది.

ఆయన గొణుక్కుంటూ పోయాడు. మా ఆయన ఆయన్ని గేటు దాకా సాగనంపే మిషతో మాయమయ్యాడు.

ఆ సాయంత్రమే కొండాపూర్ పోయాం, ఆటోలో. ఇంకా హెల్మెట్ లేదు కదా, బండెక్కించను అన్నాను. దుకాణం పెద్దమనిషి అత్తమ్మను చూసి నవ్వాపుకోలేకపోయాడు. "పెద్దమ్మగారూ, మీకెందుకండీ ఇవన్నీ? దగ్గర్లోకే కదా వెళ్లేది."

"ఏంది, ముసల్దానికి తలకాయ ఉండదా?" అంది అత్తమ్మ.

ఆయన నవ్వు ఆగిపోయింది. నాలుగు హెల్మెట్లు తెచ్చి పెట్టాడు. ఒక్కటీ దిగలేదు. వెనక కొప్పు అడ్డం. నా పెళ్లయిన నాటి నుంచీ ఆమె జుట్టు ముడి తప్ప నేనైతే చూడలేదు, ఎవరూ చూసినట్టు లేరు. "పెద్ద సైజు తెమ్మంటారా?" అన్నాడాయన. "పెద్దదైతే లూజవుతుంది, లూజైతే ఊడుద్దని మీరే చెప్పారు కదా" అన్నాను నేను. ఇంక ఏం చెయ్యాలో ఇద్దరికీ తోచలేదు.

అత్తమ్మ ఇద్దరి వైపూ విసుగ్గా చూసింది. చెయ్యి వెనక్కి పెట్టి పిన్నులు ఒక్కొక్కటీ తీసి గాజు కౌంటర్ మీద పెట్టింది. అంతమంది మగవాళ్ల ముందు నెరిసిన జుట్టంతా వీపు మీదికి జారింది. దాన్ని గబగబా జడ అల్లి, ముందుకు వేసుకుని, తల వంచింది.

"ఇగ పెట్టు" అంది.