కణుజు ఉమ్మిన గింజలు

నాంపల్లి స్టేషన్ దగ్గర మాది మూలికల దుకాణం. నాకు అనుమానం జర ఎక్కువే, ఒప్పుకుంటాను. "గుళ్లె ప్రసాదం పెట్టినా వాసన చూసి తింటవ్" అని మా ఆవిడ దెప్పుతుంది. చూస్తాను, తప్పేముంది!

అడవి వైపు నుంచి ఒక ముసలామె ఏటా చలికాలంలో రైలు దిగి మాకు తానికాయలు తెచ్చేది. నన్ను "తమ్మీ" అనేది, నేను "అక్కా" అనేవాణ్ణి. తానికాయలో మాకు పనికొచ్చేది పైన పెచ్చే, లోపలి గింజ పారేస్తాం. రెండేళ్ల కిందట ఆమె మూట విప్పితే సగం ఉత్త గింజలే! పెచ్చంతా ఉడకబెట్టి ఒలిచి వేరేచోట అమ్ముకుందని నా ఒళ్లు మండిపోయింది.

"నేను ఒల్వలే తమ్మీ. కణుజులు తిన్నయి" అంది. కణుజంటే అడవిలో తిరిగే పెద్ద జింక. "కాయ మింగి, దూరం పోయి పండుకొని నెమరేస్తయి. గింజలు గాడనే ఉమ్మేస్తయి. నాకు చూపు ఆనుతలేదు, మంచియే అనుకొని ఏరిన."

"ఏంది, నా చెవుల పువ్వు పెడ్తున్నవా?"

"గట్ల ఉమ్మితెనే అడవి పెరుగుతది తమ్మీ. చెట్టు కింద పడ్డయి పురుగువట్టి పోతయి."

నేను వినలేదు. మూట లాక్కుని ఆమెను పొమ్మన్నాను. అంతటితో ఊరుకున్నానా! ఆమె సరుకు ముట్టొద్దని ఉస్మాన్‌గంజ్ మూలికల దుకాణాలన్నింటికీ చెప్పాను. ఆమెకు ఇంకో బతుకుతెరువు లేదని తెలిసీ చెప్పాను.

ఉడికిన గింజ మొలవదు కదా, దొంగతనం బయటపడుతుందని మా డాబా మీద ఒక కుండీలో ఆ గింజలు, ఇంకో కుండీలో పెచ్చున్న కాయలు పాతాను. వానలు పడ్డాక వెళ్లి చూశాను. కాయల కుండీలో పురుగులు. గింజల కుండీలో ఆకులు విప్పిన మొలకలు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజే ఉస్మాన్‌గంజ్ అంతా తిరిగి తప్పు నాదని చెప్పుకున్నాను. నవ్విన్రు, నవ్వనీ.

ఆమెకు చెప్పడానికి చలికాలం దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె వచ్చింది, కానీ దుకాణం లోపలికి రాలేదు. ఫుట్‌పాత్ మీదే కూర్చొని మూట విప్పింది. అన్నీ పెచ్చున్న కాయలే. ఒక్కొక్కటీ తడిమి ఏరినట్టుంది, వేళ్లు పగిలి ఉన్నాయి.

"నీ గింజలు మొలిచినయ్ అక్కా. నాదే తప్పు."

"మొలుస్తయి. గందుకే ఈసారి అడవికే ఇడ్సిపెట్టిన" అంటూ మూట నా కాళ్ల ముందుకు జరిపింది. "మంచిగ చూస్కోండ్రి సేఠ్."