అన్నం ముద్దవ్వని ఆదివారం

నిన్న మా ఇంట్లో ఏటైందో సెప్తే మీరు నమ్మరు. నా సేతి అన్నం పొడిపొడిగా వచ్చింది! నవ్వకండే. మీరు సంబరపడతారని నాకు తెలుసు. కానీ నా పరువు తీసింది ఆ అన్నమే. టీ సల్లారిపోతది, కుట్టుపని కాసేపు ఆపి తాగుతా వినండి.

నా అన్నం సంగతి చోడవరంలో తెలీనోళ్ళు లేరు కదా. బ్లౌజు కుట్టమంటే ఒక్కసారి మనిషిని సూస్తే సాలు, గీత తప్పను. అన్నం వండమంటే మాత్రం ముద్దే. నీళ్ళు ఎక్కువ పోస్తానో, మిషన్ మీద కూచుని విజిల్స్ మర్చిపోతానో గాని, పెళ్ళైన కాడ్నించి అదే ముద్ద. మా ఆడగుంట స్కూల్ చార్టు మీద బొమ్మలు అంటించుకోడానికి గమ్ కొనమని అడగదు, సక్కా నా అన్నం గిన్నె దగ్గరకొస్తది. మా ఆయన ఏటీ అనడు, మజ్జిగ పోసుకుని తాగీస్తాడు. మా అత్తయితే రోజూ మూత తీసి లోపలికి సూసి ఒక నిట్టూర్పు. అంతే. తిట్టినా బాగుండును.

అలాటిది మొన్నామధ్య ఫోన్లో ఒక వీడియో వచ్చింది. ఒక జపానావిడ సేతులు తడుపుకుని, గుప్పెడు అన్నం తీసుకుని, మధ్యలో సేప పెట్టి, మూడు మూలలొచ్చేటట్టు నొక్కి, నల్ల కాగితంలాటిది సుట్టింది. ఒనిగిరి అంట దాని పేరు. నేను ఒనిగిరి సూళ్ళేదు, ఆవిడ అన్నం సూసేను. ఒలమ్మో, అచ్చం నా అన్నమే! అక్కడ మెతుక్కి మెతుకు అతుక్కుంటేనే మంచి అన్నమంట. పొడిపొడిగా ఉంటే దానికి పనికిరాదంట!

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగేయంటే నమ్మండి. ఇన్నేళ్ళూ నాకు వంట రాదని ఏడిసేను. రాక కాదు, పుట్టాల్సిన సోట పుట్టలేదు!

నిన్న కాక అంతకుముందు ఆదివారం మా ఆడపడుచు సత్యవతి కె.కోటపాడు నించి వచ్చింది. కంచం ముందు కూచుని, "వదినా, ఇది కలుపుకోడం కాదు, కోసుకోవాల" అన్నాది. ఎప్పుడూ అనేదే. ఈసారి నేను ఊరుకోలేదు.

"వచ్చే ఆదివారం రా. నా సేత్తో అన్నం వండి జపాన్ వంట సేసి పెడతాను. కుదిరితే నా అన్నం గురించి ఈ ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. కుదరకపోతే, నాకు అన్నం వండడం రాదని నా నోటితో నేనే సెప్తాను!" అనీసేను.

"అమ్మే సాక్షి" అన్నాది సత్యవతి, మా అత్తని సూపించి.

ఆ నల్ల కాగితం ఆన్‌లైన్‌లో తెప్పించేను. అత్త దాన్ని వెలుతుర్లో పెట్టి సూసింది.

"ఇదేటే, కార్బన్ పేపరా?"

"సముద్రంలో నాచత్తా. తింటారు."

"మన నూతి గట్టు మీద గీకి పారేస్తాం, ఆ నాచా? నన్నడిగితే బుట్టడు ఇద్దును కదే!"

నల్ల నువ్వులు జల్లాలని కూడా వీడియోలో ఉంది. డబ్బా మూత తీసేనో లేదో అత్త వచ్చి నా సెయ్యి పట్టీసుకుంది. "తెల్లన్నం ముద్ద మీద నల్ల నువ్వులా? ఇంట్లో అందరం బతికే ఉన్నామే!" అది మాత్రం నిజమే అనిపించి డబ్బా మూసీసేను.

నిన్న సత్యవతి అన్నట్టే దిగింది. లోపల పెట్టడానికి ఎండు నెత్తళ్ళ సేపలు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి దగ్గరగా వేపేను. వాసన వీధిదాకా వెళ్ళింది. ఇంక మిగిలింది అన్నమొక్కటే. అక్కడే నా బుద్ధి గడ్డి తింది.

పరువు విషయం కదా, రోజూ తినే కొత్తబియ్యం ఏం బాగుంటాయి అనుకున్నాను. అత్త సుట్టాలకోసం డ్రమ్ములో దాచిన పాతబియ్యం తీసేను. మిషన్ జోలికెళ్ళలేదు. ఫోన్ పక్కన పెట్టీసేను. గ్లాసుతో కొలిసి నీళ్ళు పోసి, స్టవ్ ముందు నిలబడి విజిల్స్ లెక్కెట్టేను. పెళ్ళైన కాడ్నించి అంత శ్రద్ధగా ఎప్పుడూ వండలేదు.

కుక్కర్ మూత తీసేను. మల్లెపువ్వులు! మెతుక్కీ మెతుక్కీ సంబంధమే లేదు.

సేతులు తడుపుకుని నొక్కేను. వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఇంకా గట్టిగా నొక్కితే నెత్తళ్ళు బయటికొచ్చేయి. నాచు కాగితంలో మూట కట్టబోతే తడికి అది కాస్తా సిరిగింది. గట్టు మీద అన్నం, కింద అన్నం, నా జాకెట్టు సేతుల మీద అన్నం. "ఇన్నేళ్ళూ లేనిది ఈరోజే నీకు రోషం వచ్చిందేటే!" అని అన్నాన్నే తిట్టేను. పక్కన మా గుంట మిగిలిన నాచు కాగితాలు అప్పడాల్లాగ కరకర నమిలీస్తంది.

అంతలో అత్త వచ్చి గిన్నెలోకి సూసింది. నిట్టూర్పు లేదు. రెండు మెతుకులు సేతిలోకి తీసుకుని నలిపి సూసింది.

"సత్తీ! ఇలా రాయే! మీ వదిన అన్నం వండిందే!" అని ఒకటే కేక.

మా ఆయన పరిగెత్తుకొచ్చేడు, కుక్కర్ పేలిందనుకున్నాడు కాబోలు. ముగ్గురూ గిన్నె సుట్టూ నిలబడి సూస్తన్నారు. మా ఆయన ఫొటో కూడా తీసేడు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళకి నా అన్నాన్ని మెచ్చుకున్నారు, అదీ నాకు అక్కర్లేని రోజున!

నేను అలా నిలబడి ఉండగానే అత్త సింతపండు పులుసు ఉడికించి, పోపు పెట్టి, పులిహోర కలిపీసింది. పులిహోరలోకి నెత్తళ్ళేటని మొహం సిట్లించింది గాని, అవి కూడా మిగల్లేదు. బావుందని నేను ఎవరితోటీ అనలేదు. మారు మాత్రం పెట్టించుకున్నాను.

అప్పుడు సత్యవతి మొదలెట్టింది. "వదినా, పందెం పోయింది. ఒప్పుకో. అన్నం వండడం రాదని సెప్పు."

"ఎందుకు సెప్పాలి? నీ కంచంలో ఉన్నదేటి?"

"అన్నం."

"ఎలాగుంది?"

"బావుంది గాని..."

"ఎవరు వండేరు? నేను. మరి రాదని ఎలా సెప్తాను?"

సత్యవతి సాక్షి వైపు సూసింది. సాక్షి నోటి నిండా పులిహోర. మింగి, "దాని మాటా నిజమేనే" అన్నాది.

సరే, ఇంక ఈరోజు పొద్దున్న. కొత్తబియ్యం పెట్టి, కటింగ్‌లో పడి విజిల్స్ మర్చిపోయేను. మూత తీస్తే ముద్ద. నా ముద్ద! గబగబా సేతులు తడుపుకుని నొక్కితే మూడు మూలలూ ఇస్త్రీ పెట్టినట్టు నిలబడ్డాయి. కానీ ఏటి లాభం? నాచు కాగితాలు మా గుంట తినీసింది. సత్యవతి రాత్రే బస్సెక్కీసింది. సూడ్డానికి అత్త ఒక్కర్తే ఉంది. ఆవిడ గిన్నెలోకి సూసి మళ్ళీ అదే నిట్టూర్పు.

"నిన్న అంత బాగా వండేవు కదే! ఈరోజు ఏటొచ్చింది నీకు?"

"నిన్న తప్పైపోయింది అత్తా. ఈరోజే సరిగ్గా వచ్చింది!" అనీసి, అన్నీ డబ్బాలో సర్దుకుని షాపుకొచ్చీసేను.

అదిగో, ఆ డబ్బాయే. నవ్వింది సాలు, తలో ఒకటి తీసుకోండి. నోటితో తెగకపోతే మొహమాటపడకండే, కత్తెర మిషన్ మీదే ఉంది.