పెద్దకొడుకు తిరిగిరాని కథలు

మా మామ్మ కథల్లో రాజుగారికి ఎప్పుడూ ముగ్గురు కొడుకులే. పెద్దవాడు తండ్రి జబ్బుకి మందు తెస్తానని బయల్దేరతాడు. దారిలో ఎవరి మాటా వినడు, రాయైపోతాడు. రెండోవాడిదీ అదే గతి. చిన్నవాడు మాత్రం చీమకి కూడా దారిచ్చి, మందు పట్టుకుని తిరిగొస్తాడు. నేను ఊ కొట్టడం మానేస్తే మామ్మ కథ ఆపేసేది. వెళ్ళినవాణ్ణి నడిదారిలో వదిలేసి పడుకోకూడదట. అందుకని కళ్ళు మూతలు పడుతున్నా ఊ కొట్టేదాన్ని.

మా నాన్న కూడా ముగ్గురన్నదమ్ముల్లో పెద్దవారు. ఈ సంగతి నాకు ఆ ఏడాది వరదల్లో తట్టింది.

తొంభైల నాటి మాట. మాది రాజోలు దగ్గర గోదావరి పాయ మధ్యనున్న లంక. వరదొస్తే ఊళ్ళోకొచ్చే కాజ్‌వే దారి మునిగిపోయేది, ఇక పడవే గతి. పాలు తాగే మా తమ్ముడికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. డాక్టరుగారిని తీసుకొస్తానని నాన్న పొద్దున్నే పడవెక్కారు. ఎర్రటి నీళ్ళలో కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా కొట్టుకుపోతున్నాయి.

"మామ్మా, పెద్దకొడుకు తిరిగి రాడు కదా?" అన్నాను.

చేటలో బియ్యం ఏరుతున్న మామ్మ చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా చెబుతున్నా, ఆ పెద్దకొడుకు తన కొడుకు కూడా కావచ్చని ఆవిడకెప్పుడూ తోచలేదనుకుంటాను. "అవి కథలే పిచ్చిమొహమా," అంది గానీ ఏరిన రాళ్ళు మళ్ళీ బియ్యంలోనే పడేసింది. మామ్మే భయపడుతోందని తెలిశాక నాకింక ధైర్యం చెప్పేవాళ్ళు లేరనిపించింది.

మధ్యాహ్నం నాన్న వచ్చారు, ఒంటరిగా, తడిసి ముద్దై. "ఆయన పడవెక్కనన్నారమ్మా. పిల్లాణ్ణే తీసుకురమ్మన్నారు," అంటూ అరుగు మీద కూలబడ్డారు. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి.

"నేను తీసుకెళ్తానండి వదినగారూ," అన్నాడు చిన్నబాబాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నకొడుకు వెళ్తే ఇక ఢోకా లేదు.

అమ్మ తమ్ముణ్ణి పాతచీరలో చుట్టుకుని బయటికొచ్చింది. "పాలు తాగే పిల్లాడండి, మీ దగ్గరెలా ఉంటాడు? నేనే వెళ్తాను. మీరు తోడు రండి చాలు," అంది.

అమ్మకి నీళ్ళంటే చచ్చేంత భయం. కాలవ రేవులో కూడా రెండో మెట్టు దిగేది కాదు. బాబాయి వెంట ఉన్నా, బయల్దేరింది అమ్మే కదా అనిపించింది. పడవ కనుమరుగయ్యాక మామ్మ కొంగు పట్టుకున్నాను.

"అమ్మ వెళ్ళొచ్చే కథ చెప్పు మామ్మా."

"అలాంటిది నాకు రాదమ్మా," అంది మామ్మ.

నిజమే. ఆవిడ కథల్లో రాణులు మొదట్లోనే చచ్చిపోతారు. అది గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. వరద లాగేదాకా ఎవరు అన్నం కలిపి పెట్టినా ముద్ద దిగలేదు.

అమ్మ తిరిగొచ్చింది. చంకలో తమ్ముడు చిక్కి సగమయ్యాడు గానీ కళ్ళు తెరిచి చూస్తున్నాడు. నేను అమ్మని గట్టిగా వాటేసుకుని, "పడవలో నీకు భయం వెయ్యలేదా?" అనడిగాను.

"ఎందుకు వెయ్యలేదే? వెళ్ళినంతసేపూ కళ్ళు మూసుకునే కూర్చున్నాను," అంది అమ్మ. "తెరిచుంటే పడవ వెనక్కి తిప్పించేసేదాన్ని."