నా జ్వరంపై జరిగిన విచారణ

మా చిన్ననాట జ్వరం దోమ వల్ల వచ్చేది కాదు... మనిషి వల్ల వచ్చేది. ఆ మనిషి ఎవరో తేలేవరకు వైద్యం మొదలయ్యేది కాదు.

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే మా పేట. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఎంతకీ జ్వరం దిగడం లేదు. మందులకు లొంగడం లేదు కనుక ఇది చిల్లంగేననీ, అంటే గిట్టనివారెవరో మంత్రం పెట్టారనీ పేట పెద్దలు నిర్ధారించారు. మందులు ఇంకా మొదలుపెట్టనే లేదన్న లోపాన్ని ఎవరూ లేవనెత్తలేదు.

అనుమానం పక్కింటి ఎర్రమ్మత్త మీదికి వెళ్ళింది. మా నాన్నకు వరసకు అక్క. భర్త సముద్రంలో పోయాక చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి బతికేది. ఆవిడకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాలు గట్టివే... ఆవిడ గంప అందరికంటే ముందు ఖాళీ అయ్యేది. ఒంటరిగా ఉంటూ కూడా నలుగురిలో ఏడ్చేది కాదు. పైగా జ్వరం రావడానికి ముందురోజు నాకు తల దువ్వింది.

శిక్ష కూడా ముందే ఖరారైంది. పళ్ళు లేని నోట మంత్రం సరిగా పలకదని మా వైపు నమ్మకం. అందుచేత చిల్లంగి పెట్టినవారికి ముందుపళ్ళు పీకేవారు. పడవలు చేసే వడ్రంగి ఇంటి నుంచి పటకారు తెప్పించారు. దాన్ని శుభ్రంగా కడిగి, మా అరుగు మీద గుడ్డ పరిచి పెట్టారు. ఆ శుభ్రత చూశాక నాకు వణుకు ఎక్కువైంది... జ్వరం పెరిగిందని రాసుకున్నారు పెద్దలు, మనసుల్లో.

ఇక మిగిలింది ఒకే ఒక్క లాంఛనం. నిందితురాలి పేరు రోగి నోటి నుంచే రావాలి.

రోగిని నేను.

ఆ పేరు రప్పించడానికి సాలూరు వైపు నుంచి లారీ ఎక్కి ఎజ్జోడు దిగాడు. మంత్రం పెట్టడం, తీయడం రెండూ తెలిసినవాడిని మా వైపు అలా అంటారు. వచ్చిన సాయంత్రమే ఒళ్ళంతా బూడిద పూసుకుని, నా ముఖం మీదికి వంగి, ఎండుమిరపకాయల పొగ ఊదాడు. కళ్ళు మూసుకున్నా ఆ ముఖం పోలేదు. నిద్రలోకి కూడా వెంట వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు పేట మొత్తం హాజరైంది. కులపెద్ద అప్పన్న మావ అధ్యక్షత వహించాడు. ఎర్రమ్మత్తను తెచ్చి ఒక పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ నోరు కొంగుతో గట్టిగా మూసుకుని ఉంది. పారిపోకుండా ఇద్దరు వెనక నిలబడ్డారు. మా నాన్న ఇసుకలోకి చూస్తూ ఉండిపోయాడు... తల ఎత్తితే అక్క కనిపిస్తుంది మరి.

అమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని చెవిలో గొణిగింది.

"అత్త పేరు సెప్పెయ్యే తల్లీ... తగ్గిపోతాది."

అమ్మ అబద్ధం చెప్పమనడం లేదు. బిడ్డ బతకాలంటోంది.

ఎజ్జోడు నా చుట్టూ బియ్యంతో గీత గీసి, వేపమండతో కొడుతూ అడిగాడు.

"ఎవులే నీ కల్లోకొస్తన్నాది? సెప్పు."

పెద్దలు అడిగితే నిజం చెప్పాలని నాకు నేర్పారు. నేను నిజమే చెప్పాను.

"నువ్వే."

ఇటువంటి సందర్భానికి ఆచారంలో ఏ ఏర్పాటూ లేదు. ఒక్కొక్కరే ఎజ్జోడి వైపు తిరిగారు. వెనక నుంచి ఎవరో పటకారు చేతిలోకి తీసుకున్నారు. అతని ముఖం మీద బూడిద చెమటకు చారలు చారలుగా జారింది.

"జొరంలో ఉన్న గుంట మాట అది," అన్నాడు, వెనక్కి జరుగుతూ. "జొరంలో నోటికేదొస్తే అదంటాది. దాన్నట్టుకుని మనిసి మీదకొస్తారేటి?"

అప్పుడు ఎర్రమ్మత్త నోటి మీది కొంగు తీసింది.

"ఆ మాట ఇంకోపాలి సెప్పు బాబూ... అందరూ ఇంటారు."

అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకా స్పష్టంగా చెప్పాడు. అప్పన్న మావ లేచి పంచె దులుపుకుని, విచారణ వాయిదా అన్నాడు. ఆవిడ చిల్లంగి పెట్టలేదని మాత్రం ఎవరూ తీర్మానించలేదు. ఆ వాయిదాకు గడువు కూడా పెట్టలేదు.

మా నాన్న నన్ను భుజాన వేసుకుని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయాడు. బిళ్ళలు వేశారు, జ్వరం పోయింది. ఎజ్జోడి పొగ వల్లే పోయిందని పేట ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఆ తర్వాత ఎర్రమ్మత్త నన్ను చూస్తే దారి మార్చుకునేది. వీధిలో నేను దగ్గితే ఆవిడ ఇంటి గడియ పడేది. ఒకసారి ఉండబట్టలేక వెళ్ళి తలుపు తట్టాను. తీయలేదు. లోపలి నుంచే అంది.

"ఎల్లిపోవే అమ్మా... నీకు మల్లీ ఏటైనా అయితే నానేటి సెప్పుకోను?"

పేట మొత్తానికి ఎదురుగా కూర్చున్న మనిషి... ఒక చిన్నపిల్ల దగ్గుకు భయపడి బతికింది, బతికినన్నాళ్ళూ.

ఇప్పుడు మా పేటలోకి ఆటోలు వస్తున్నాయి. జ్వరం వస్తే రక్తపరీక్ష చేయిస్తున్నారు. పరీక్ష కాగితం చేతికి వచ్చేలోగా "ఎవరి కళ్ళు పడ్డాయో" అని మెల్లగా ఒక మాట అనుకోవడం మాత్రం మానలేదు.

చేతబడి నిజంగా పని చేస్తుందా అని నిన్న ఈ గ్రూపులో ఒకాయన అడిగారు. రోగిగా హాజరైనదాన్ని కనుక నా వాంగ్మూలం ఇస్తున్నాను. పని చేస్తుంది... మాట పైకి అన్న క్షణం నుంచీ పని చేస్తుంది. అది తగిలేది మాత్రం, పెట్టారని మనం ఎవరిని అంటామో వారికి.

మీ వీధిలోనూ అలా మూసుకుపోయిన తలుపు ఒకటి ఉండే ఉంటుంది. రాయండి... ఎవరైనా వెళ్ళి తట్టారా?