టేకు దూలం వద్దన్నవాళ్ళు

1942 ఎండాకాలం. నేను దేవరకొండ తాలూకాలో లోకల్ ఫండ్ ఓవర్సీర్‌గా ఉన్నాను. ఓవర్సీర్ అంటే ఇంజనీరు కాగితం మీద గీసింది నేల మీద కట్టించేవాడు. మా తాలూకాకు ఇంజనీరు ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు కాబట్టి గీయడం, కట్టించడం, తిట్లు తినడం మూడూ నా వాటాకే వచ్చాయి. ఉద్యోగం మొత్తంలో కల్వర్టులు కట్టాను, బడులు కట్టాను, ఒక దవాఖాన కట్టాను. వాటి గురించి ఎవరైనా అడిగితే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. కట్టిన తర్వాత నేనే దగ్గరుండి కప్పు విప్పించిన ఇళ్ళ గురించి మాత్రం అడగకపోయినా చెబుతాను.

నాది పుట్టుకతోనే పిరికి ప్రాణం. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే రకం. "నీకు ఫికర్ లేకుంటే గదే ఒక ఫికరైతది" అని మా ఇంటావిడ నా బెంగల్ని ఎగతాళి చేసేది. ఆ ఎండాకాలం మాత్రం ఆమె కూడా ఆ మాట అనడం మానేసింది.

అంతకు ముందు చలికాలం మా తాలూకాలో ఒక ఊళ్ళో ఎలుకలు పడ్డాయి. ప్లేగు. ఊరంతా చేలల్లోకి వెళ్ళి గుడిసెలు వేసుకుంది. ఇళ్ళలోకి ఎండ పడాలని సర్కారు వాళ్ళు కప్పులు విప్పించారు. జబ్బు తగ్గాక అందరూ ఎవరి ఇళ్ళకు వాళ్ళు తిరిగి వచ్చారు, కూలివాడ వాళ్ళు తప్ప. వాళ్ళ గోడలు నిలబడ్డ నేల దొరది. "నా జాగల మళ్ళ గోడ లేవొద్దు" అని దొర కబురు పంపి, గోడలు పడగొట్టించి, ఆముదాలకని దున్నించేశాడు. వాళ్ళలో హిందువులున్నారు, కిరస్తానం పుచ్చుకున్నవాళ్ళున్నారు. సెంటు భూమి మాత్రం ఎవరికీ లేదు. అందరూ వాగు ఒడ్డున ఈతచెట్ల కింద కమ్మలు అడ్డం పెట్టుకొని ఉండిపోయారు.

ఆ ఏడే తాలూక్దార్ సాబ్, అంటే ఇప్పటి కలెక్టరు లాంటి అధికారి, జిల్లా అంతటికీ ఒక పథకం వేశారు. ఇల్లూ జాగా లేనివాళ్ళకు సర్కారీ బంజరులో ఇళ్ళు కట్టించడం. పైవాళ్ళు ఒక మెలిక పెట్టారు. ముందు ఒక్క ఊళ్ళో కట్టి చూపాలి. మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చేలోగా జనం అందులో కాపురముండాలి. ఉంటే మిగతా తాలూకాలకు గ్రాంట్ వస్తుంది. లేదంటే లాప్స్. మంజూరైన సొమ్ము ఖర్చుకాక ఖజానాకు తిరిగిపోవడాన్ని లాప్స్ అంటారు. అలా వెనక్కి పోయిన గ్రాంట్ మళ్ళీ గడప తొక్కడం నేనెన్నడూ చూడలేదు.

ఆ ఒక్క ఊరు ఇదే అయి నా నెత్తిన పడింది. లే-అవుట్ వేశాను, అంటే ఏ ఇల్లు ఎక్కడ వస్తుందో, దారి ఎటు పోతుందో గీసే పటం. దారం పట్టి గీసినట్టు రెండు వరుసలు. అన్ని ఇళ్ళూ ఒకే కొలత. మట్టి గోడ, పైన గూన పెంకు. అడవి డిపో నుంచి టేకు దూలాలు బండ్ల మీద తెప్పించాను. ఆ పక్క ఊళ్ళలో టేకు దూలం దొర గడీకి తప్ప ఇంకెవరికీ లేదు. నిజం చెప్పొద్దూ, కప్పు వేసిన రోజు వరుస చివర నిలబడి చాలాసేపు చూసుకొని మురిసిపోయాను.

రోహిణి కార్తెలో ఇళ్ళు తయారయ్యాయి. ఒక్కరూ రాలేదు.

మొదట అడిగితే "మంచి రోజు సూడాలె సాబ్" అన్నారు. అయ్యగారిని పిలిపించి రోజు పెట్టించాను. ఆ రోజు వచ్చింది, పోయింది. "అమాస పోనియ్యిండ్రి" అన్నారు. అమాసా పోయింది. కిరస్తానం వాళ్ళకు అమాసతో పనేమిటని అడిగితే వాళ్ళ పెద్దమనిషి నవ్వి, "అందరితోటే మేము" అన్నాడు. ప్లేగు భయమేమోనని ప్రతి ఇంట్లో సున్నం కొట్టించాను, పొగ పెట్టించాను. వాకిలి దిక్కు నచ్చలేదేమోనని అడిగాను. "వాకిలి మంచిగనే ఉన్నది" అన్నారు. ఇల్లు మంచిగనే ఉందట, గోడ మంచిగనే ఉందట, పెంక మంచిగనే ఉందట. ఇంకేం కావాలి మీకు అని అరవాలనిపించేది.

ఆ వాగు ఒడ్డున నాకు బాగా తెలిసిన మనిషి పుల్లమ్మ. భర్త పోయాడు. కొడుకు మల్లయ్య కూలికి పోతాడు. కోడలు ఎల్లమ్మకు నెలలు నిండాయి. విప్పిన పాత ఇంటి దూలాన్నీ వాసాలనూ రాళ్ళ మీద ఎత్తుగా పేర్చి, వాటి మీద కమ్మలు కప్పి, ఆ నీడనే కోడలిని పడుకోబెట్టేది. అక్కడ ప్రతి గుడిసెలోనూ అలాంటి కట్టెల మోపు ఒకటి ఉండేది. పొయ్యిలోకి దాచుకున్నారేమో అనుకున్నాను. ఎండకు ఎల్లమ్మ పెదాలు పగిలి ఉండేవి. ఆమెను చూసినప్పుడల్లా, వాన పడేలోగా ఈమె లోపలికి రాకపోతే ఏమవుతుందో అని ఆకాశం వైపు చూసేవాణ్ణి.

మబ్బులు దిగుతున్నాయి. ఇన్‌స్పెక్షన్‌కు తాలూక్దార్ సాబ్ వస్తున్నారని కబురు వచ్చింది. తహసీల్దారు నన్ను పిలిపించాడు.

"ఇండ్లు కట్టినవ్. మనుషులేరి?" అన్నాడు.

"వస్తామంటున్నారు సార్."

"నువ్వు గిట్లనే బతిమాలుకుంట కూసో. జవాన్లను పంపిస్త. సామాను లోపలేసి తలుపులేస్తే ఆళ్ళే ఉంటరు."

లాఠీలతో గృహప్రవేశం. అయినా, ఆ మాట వినగానే సగం ప్రాణం 'అలాగే కానీ, గండం గడుస్తుంది' అంది. ఒక్కరోజు ఆగమని ఎలాగో ఒప్పించి, ఎండలో పడి వాగు దగ్గరికి పరుగెత్తాను.

పుల్లమ్మ కోడలి కాళ్ళకు ఆముదం రాస్తోంది. ఎదుట కూలబడ్డాను.

"అవ్వా, రేపు జవాన్లు వస్తారు. నిన్ను ఈడ్చుకుపోయి ఆ ఇంట్లో పడేస్తారు. అంతకంటే ముందు నాకు ఒక్కమాట నిజం చెప్పు. ఎందుకు రావు?"

ఆమె రెండో కాలికి కూడా ఆముదం రాసింది. తర్వాత అడిగింది.

"గా దూలం ఎవరిది సాబ్?"

"ఏ దూలం?"

"మీరు పెట్టిన టేకుది."

"సర్కారుది."

"గందుకే."

నాకు అర్థం కాలేదు. నా ముఖం చూసి ఆమెకు జాలి వేసిందేమో, చేతులు కొంగుకు తుడుచుకొని చెప్పింది.

"మా ఊళ్ళె జాగ ఎట్లయినా దొరదే. గోడ మట్టిది, దాన్ని ఎవడడుగుతడు. దూలమే మాట. దొర దూలం కింద పుట్టినోడు దొర ఇంట్ల వెట్టి చెయ్యాలె. నా పెనిమిటి గట్లనే పుట్టిండు. ఆయన నాయిన గూడ గట్లనే. కోడి కుయ్యకముందు పిలిస్తే పోవాలె, జరమొచ్చినా పోవాలె. పోనంటే, నా దూలం నాకిచ్చి పో అంటడు. దూలం తీస్తే ఇల్లేడ ఉంటది?"

"మరి ఇది?" అని ఆ కట్టెల మోపు చూపించాను.

"మా తల్లిగారి ఊళ్ళె యాపచెట్టొకటి గాలికి పడ్డది. మా అన్న కాళ్ళా ఏళ్ళా పడి నాకిప్పిచ్చిండు. నేను, నా పెనిమిటి భుజాల మీద మోసుకొచ్చినం. దొర దూలం దించి గడీ ముంగట పెట్టొచ్చినం. మమ్మల్ని చూసి తక్కినోళ్ళు గూడ తలొకటి తెచ్చుకున్నరు. ఆనాటి సంది కూలికి పోతే కూలి అడుగుతున్నం సాబ్."

"అవ్వా, ఇది దొరది కాదు కదా. సర్కారు వెట్టి అడగదు."

ఆమె నవ్వలేదు. కోపమూ లేదు.

"మొదటిసారి మోటరు దిగినంక మీ పెట్టె ఎవరు మోసిండ్రు?"

మల్లయ్య మోశాడు. పటేలు పిలిస్తే వచ్చి, నా పెట్టె నెత్తిన పెట్టుకొని, రెండు కోసులు నా ముందు నడిచాడు. అప్పటికి అతని పేరు కూడా నాకు తెలియదు. పైసా ఇవ్వలేదు; సర్కారు మనిషి ఊళ్ళోకి వస్తే అది మామూలే. అంత మామూలు కాబట్టి నాకు గుర్తే లేదు.

"మేమైతే ముసలోళ్ళం," అంది పుల్లమ్మ. "గీ పొల్ల కడుపుల ఉన్నది మా దూలం కింద పుట్టాలె. గా టేకు కింద పుడితే ఎవరిదైతదో నాకు తెల్వది."

ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారు. మేస్త్రీని పిలిచి మొదటి ఇంటి కప్పు విప్పమన్నాను. అతను నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. సర్కారు ఇల్లు సర్కారు నౌకరే కూలగొట్టాడంటే ఉద్యోగం ఊడటం చిన్న మాట. టేకు దూలం కిందికి దిగుతుంటే నా గుండె దానితో పాటే దిగింది. ప్లేగు పడ్డ ఇళ్ళ కట్టె మళ్ళీ వాడొచ్చా అని దవాఖాన కాంపౌండరును అడిగితే, ఎండాకాలమంతా ఎండిన కట్టెకు ఏమీ కాదు, సున్నపు నీళ్ళతో కడగండి చాలన్నాడు.

పుల్లమ్మ వేప దూలం వంకర. పైగా మూరెడు పొట్టి. అది ఆనాలంటే గోడ లోపలికి రావాలి. మట్టి గోడ ఆరేదాకా మబ్బు ఆగుతుందా? వాగు రాళ్ళు తెచ్చి లోపల ఇంకో గోడ పేర్చాం. ఆ ఇంటి కప్పు దిగడం చూసి వాగు ఒడ్డు నుంచి ఒక్కొక్కరూ తమ దూలాలు మోసుకొని వచ్చారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి తాటి మొద్దు. దారం పట్టి గీసిన నా వరుస కళ్ళముందే వంకర్లు పోయింది. పెంకులు కూడా దించాలా అని అడిగాను. పుల్లమ్మ, "పెంక ఉండనియ్యిండ్రి సాబ్. ఇంతవరకు పెంకకు ఎవడూ వెట్టి అడగలె" అంది. అందరూ పకపకా నవ్వారు. ఎల్లమ్మ నవ్వడం అప్పుడే చూశాను.

మొదటి వాన ఆ సాయంత్రమే దబదబా పడింది. వాగు పొంగి ఈతచెట్ల మొదళ్ళు మునిగాయి. అందరూ తలో చెయ్యి వేయడంతో అప్పటికి పుల్లమ్మ ఇంటి మీదా, మరికొన్ని ఇళ్ళ మీదా కప్పు ఉంది. కప్పు అందని ఇళ్ళవాళ్ళూ ఆ ఇళ్ళలోనే తలదాచుకున్నారు. ఎల్లమ్మకు నొప్పులు మొదలయ్యాయని ఆడవాళ్ళు మమ్మల్ని దూరంగా పొమ్మన్నారు.

మర్నాడు తాలూక్దార్ సాబ్ బురదలో దిగారు. పక్కన తహసీల్దారు, ముఖం ఎర్రగా, వెనక పని లేకుండా పోయిన జవాన్లు. తాలూక్దార్ సాబ్ ఒక చేత్తో నా పటం పట్టుకొని, ఆ వంకర వరుసను ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు.

"ఓవర్సీర్, నీ నక్షా ఇదేనా?"

"కాదు సర్కార్," అన్నాను. తర్వాత ఏమన్నానో గుర్తులేదు. ఆ టేకు కథే చెప్పి ఉంటాను. ఆయన నన్ను దాటి పుల్లమ్మ వాకిట్లో ఆగారు.

"టేకు మంచి కట్టె కదా. ఎందుకు వద్దన్నవ్?"

పుల్లమ్మ గడప దాటి బయటికి రాలేదు. కొంగు సర్దుకొని లోపలి నుంచే చెప్పింది.

"మంచిదే దొరా. గంత మంచిది ఊకెనే ఇస్తరా అని భయం."

లోపల పసిబిడ్డ ఏడ్చింది. తాలూక్దార్ సాబ్ తలెత్తి ఆ వేప దూలం వంక చూశారు. విప్పిన టేకు ఏదని నన్నడిగారు. డిపోకు తిప్పి పంపడానికి బండ్ల మీద వేయించానన్నాను. ఆయన జనం ఇళ్ళలో ఉన్నారని ఇన్‌స్పెక్షన్ కాగితం మీద రాసి సంతకం పెట్టారు. వెళ్ళబోతూ, "మిగతా ఊళ్ళకు కొత్త ఎస్టిమేట్ రాయి" అన్నారు. ఎస్టిమేట్ అంటే ఏ పనికి ఎంత ఖర్చో ముందే లెక్క కట్టడం. నేను రాసినదాంట్లో నేలకు పట్టా, గోడ, పెంక మాత్రమే సర్కారు ఖర్చు. దూలం వాళ్ళది. దూలం లేనివాళ్ళకు ముందు దూలం వాళ్ళ పేర రాసిచ్చి, వాళ్ళే మోసుకుపోయాక గోడ మొదలు పెట్టాలి. గ్రాంట్ లాప్స్ కాలేదు. ఆ తర్వాత నా పెట్టె నేనే మోసుకున్నాను, నడుము పట్టేసినా సరే.

1948లో, తగలబెడుతున్నారన్న భయంతో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజుల్లో, ఆలంపూరు వైపు బదిలీ అయి ఉన్న నేను ఒక పని మీద ఆ దారిన వచ్చాను. దూరం నుంచే కనిపించింది. గోడలున్నాయి, ఒక్క ఇంటి మీదా కప్పు లేదు. తగలబెట్టారనే అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి గోడలు తడిమాను. ఎక్కడా మసి లేదు. పెంకులు గోడవార పొందిగ్గా పేర్చి ఉన్నాయి. పుల్లమ్మ ఇంటి గోడ మీద, దూలం కూర్చునే గుంటలో వాన పడకుండా ఒక పలక రాయి కప్పి, మట్టితో మెత్తి ఉంది. పక్కింటి గోడ మీదా అంతే. ఆ పక్కన కూడా.

మేకలు కాస్తున్న ముసలాయన ఒకడు నన్ను చూసి ఆగాడు.

"ఎటు పోయారు తాతా?" అన్నాను.

"కృష్ణ అవతలికి పోయిండ్రు. దూలాలు ఎత్తుకపోయిండ్రు. గోడలు మేకలు ఎక్కకుంట సూడమని నాకు చెప్పిపోయిండ్రు."

ఆ గోడకు ఆనుకొని అక్కడే కూర్చుండిపోయాను.

ఇల్లు లేనివాళ్ళకు ఇల్లివ్వాలంటే ముందు జాగా, తర్వాత సొమ్ము, తర్వాత నక్షా అని మాకు నేర్పారు. ఆ ఊరు తర్వాత నేను ఎక్కడికి వెళ్ళినా టేపు తీయకముందే ఒకటి అడిగేవాణ్ణి: "మీ దూలం ఎంత పొడుగు?" అదేం ప్రశ్న అని ఎవరూ అనలేదు. లోపలికి పోయి, దూలం చూపించి, అది ఎక్కడి నుంచి ఎవరు మోసుకొచ్చారో చెప్పడం మొదలుపెట్టేవాళ్ళు.